నాడి, ఊపిరి, హైదరాబాదు: క్లోరోఫారం కమిషన్ల చరిత్ర

మనిషిలో ప్రాణం ఉన్నదో లేదో తెలుసుకోవలసి వస్తే మన పెద్దలు రెండు పనులు చేసేవారు. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతున్నదా అని చూసేవారు. మణికట్టు పట్టుకొని నాడి కొట్టుకుంటున్నదా అని చూసేవారు. వీటిలో ఏది ముందు ఆగుతుంది, ప్రాణాపాయ సమయంలో వైద్యుడు దేనిమీద దృష్టి నిలపాలి అన్న ప్రశ్న పంతొమ్మిదో శతాబ్దిలో పాశ్చాత్య వైద్యలోకాన్ని రెండు వర్గాలుగా చీల్చింది. ఆ వివాదానికి తుది తీర్పు చెప్పే భారాన్ని తలకెత్తుకున్న నగరం మూసీ ఒడ్డున ఉన్న హైదరాబాదు. 1888, 1889 సంవత్సరాలలో అక్కడ పనిచేసిన రెండు క్లోరోఫారం కమిషన్ల వృత్తాంతం మన విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక విశిష్ట అధ్యాయం. అందులో సగం సత్యం, సగం భ్రమ ఉండటం వల్లనే అది ఈనాటికీ పరిశీలనార్హమవుతున్నది.

శ్వాస, రక్తం: విడదీయరాని జంట

శ్వాసక్రియ అంటే గాలిని పీల్చి వదలడంతో ముగిసే పని కాదు. మనం పీల్చే గాలిలో సుమారు 21 శాతం ప్రాణవాయువు ఉంటుంది. అది ఊపిరితిత్తులలోని వాయుగోణుల పలుచని గోడల గుండా రక్తంలో ప్రవేశిస్తుంది. ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్ దానిని మోసుకొనిపోయి శరీరంలోని కణాలకు అందిస్తుంది. కణాలలో తయారైన బొగ్గుపులుసు వాయువు అదే రక్తప్రవాహంలో తిరిగివచ్చి నిశ్వాసంతో వెలుపలికి పోతుంది. ఈ వాయువుల మార్పిడి అన్ని ప్రాణులలోనూ ఒకే తీరున జరగదు. బొద్దింక, మిడత వంటి కీటకాలలో సన్నని వాయునాళాలు ఒళ్ళంతా అల్లుకొని గాలిని నేరుగా కణజాలానికి చేరుస్తాయి. ప్రాణవాయువును మోసే బాధ్యత వాటి రక్తానికి దాదాపు లేదనే చెప్పవచ్చు. మనిషి సంగతి వేరు. ఊపిరితిత్తులు తెచ్చిన దానిని గుండె పంచిపెట్టాలి. ఒకటి తేకపోయినా, మరొకటి పంచకపోయినా ఫలితం ఒక్కటే.

విశ్రాంతిగా ఉన్న వయోజనుడి శరీరం నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వినియోగిస్తుంది. శరీరంలో ఉండే నిల్వ ఇంచుమించు ఒకటిన్నర లీటరు మాత్రమే. ధాన్యం వలె, నీటి వలె ఊపిరిని కూడబెట్టుకొనే వీలు ప్రకృతి మనకు కల్పించలేదు. శ్వాస స్తంభించిన కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం ఆరంభిస్తుంది. గుండె నిలిచిపోతే ఆ గడువు ఇంకా తగ్గిపోతుంది. శస్త్రచికిత్స బల్లమీద స్పృహ లేకుండా పడివున్న రోగి విషయంలో వైద్యులు అంత తీవ్రంగా వాదించుకోవడానికి కారణం ఈ గడువు తక్కువతనమే.

వరమై వచ్చిన మందు

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మార్టన్ ఈథర్ ఆవిరితో రోగికి మత్తు కలిగించి, నొప్పి లేకుండా శస్త్రచికిత్స చేయించవచ్చునని బహిరంగంగా నిరూపించాడు. మరుసటి సంవత్సరం నవంబరులో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారాన్ని ప్రవేశపెట్టాడు. క్లోరోఫారం త్వరగా పనిచేస్తుంది. ఈథర్ వలె మంట అంటుకోదు. కొద్ది చుక్కలతోనే సరిపోతుంది. ఈథర్ సుమారు 35 డిగ్రీల వేడికే మరిగి ఆవిరైపోతుంది కనుక మన దేశపు వేసవిలో దానిని నిలవచేయడం, వాడటం కష్టం. క్లోరోఫారానికి ఆ ఇబ్బంది లేదు. అందువల్ల భారతదేశంలోని ఆసుపత్రులలో అది త్వరలోనే స్థిరపడింది.

అయితే ఈ వరం వెంట ఒక శాపం కూడా వచ్చింది. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపంలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం తీసుకొని క్షణాలలో మరణించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల, చిన్నపాటి చికిత్స, ఆకస్మిక మరణం! ఆ తరువాత ఇటువంటి మరణాలు అక్కడక్కడ సంభవిస్తూనే వచ్చాయి. వాటికి కారణమేమిటన్న విషయంలో వైద్యులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు.

లండను వైద్యులలో పలువురు క్లోరోఫారం గుండెను స్తంభింపజేస్తుందని నమ్మారు. మత్తుమందు ఇవ్వడంలో ప్రసిద్ధుడైన జాన్ స్నో ఈ ప్రమాదాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవాడు. ఆయన తరువాతివాడైన జోసెఫ్ క్లోవర్ మత్తు ఇస్తున్నంతసేపూ రోగి నాడిమీద వేలు ఉంచేవాడు. ఎడింబరో సంప్రదాయం దీనికి భిన్నమైనది. అక్కడి శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ నాడితో పనిలేదని, ఊపిరిని గమనిస్తే చాలునని బోధించాడు. ఆయన శిష్యులలో ఒకడు ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన లారీ తన గురువు మాటను కూడా వెంట తెచ్చుకొన్నాడు.

హైదరాబాదులో విచారణ

లారీ వచ్చేనాటికి హైదరాబాదు వైద్య పాఠశాలకు దాదాపు నలభై ఏళ్ళ వయస్సు. 1846లో ప్రారంభమైన ఆ పాఠశాలలో మొదట ఉర్దూ మాధ్యమంలో వైద్యవిద్య నేర్పేవారు. తదనంతర కాలంలో ఉస్మానియా వైద్య కళాశాలగా వికసించిన వృక్షానికి అదే బీజం. దాని అధిపతిగా బాధ్యతలు స్వీకరించిన లారీ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో సైమ్ పద్ధతినే విద్యార్థులకు నేర్పాడు. శంకువు ఆకారంలో అమర్చిన తొడుగులో క్లోరోఫారం చల్లి రోగి ముక్కు వద్ద పట్టేవారు. మత్తు ఇచ్చేవాని చూపు మొదటినుంచి చివరివరకు రోగి శ్వాసమీదనే ఉండాలన్నది నియమం.

తన అనుభవాన్ని ప్రయోగపూర్వకంగా స్థాపించాలన్న కోరికతో లారీ 1888లో మొదటి కమిషన్‌ను ఏర్పాటు చేయించాడు. అప్పటి నిజాం ఆరవ ఆసఫ్ జా మీర్ మహబూబ్ అలీ ఖాన్. దివాన్ సర్ ఆస్మాన్ జా. నూరుకు పైగా కుక్కలపై ప్రయోగాలు జరిపి, క్లోరోఫారం అధికమైనప్పుడు ముందుగా ఆగేది శ్వాస, ఆ తరువాతనే గుండె అని కమిషన్ ప్రకటించింది. లండనులోని ప్రసిద్ధ వైద్యపత్రిక 'లాన్సెట్' ఈ నిర్ణయాన్ని సందేహించింది. అంతవరకు యూరపులో జరిగిన ప్రయోగాలకు ఇది విరుద్ధమని దాని వాదన.

దీనికి నిజాం ప్రభుత్వం ఇచ్చిన సమాధానం ఆ కాలానికి అపూర్వమైనది. లాన్సెట్ తానే ఒక నిపుణుని ఎంచి పంపితే ఖర్చులకు వెయ్యి పౌన్లు ఇస్తామని ప్రకటించింది. విమర్శకుని నోరు మూయించక, తన ఖర్చుతో అతనిని పిలిపించి ప్రయోగశాల తలుపులు తెరిచిన ప్రభుత్వ ఔదార్యాన్ని మెచ్చుకోవలసిందే. లాన్సెట్ పక్షాన లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రికి చెందిన థామస్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైట్ ఉపశమనమిస్తుందని 1867లో లోకానికి తెలిపిన శాస్త్రజ్ఞుడాయన. హైదరాబాదుకు బయలుదేరేనాటికి క్లోరోఫారం గుండెకు ప్రమాదమన్న పక్షంలోనే ఉన్నాడు.

1889 అక్టోబరులో రెండవ కమిషన్ పని మొదలయింది. లారీ అధ్యక్షుడు; బ్రంటన్‌తో పాటు బాంఫర్డ్, రుస్తంజీ సభ్యులు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు — అన్నీ కలిపి ఐదువందలకు చేరువైన జంతువులపై ప్రయోగాలు సాగాయి. రక్తపు పోటును తిరిగే కాగితంమీద గీతగా నమోదుచేసే యంత్రాన్ని వాడారు. ఆ గీతలను ఛాయాచిత్రాలుగా భద్రపరిచారు. డిసెంబరులో బ్రంటన్ లాన్సెట్‌కు తంతి పంపాడు. ఊపిరాడకపోవడం, మోతాదు మించడం — క్లోరోఫారం వల్ల కలిగే అపాయం ఇంతేననీ, గుండెకు నేరుగా కలిగే హాని ఏమీ లేదనీ దాని సారాంశం. ఖండించడానికి వచ్చిన పండితుడే సమర్థకుడై తిరిగివెళ్ళాడు. పూర్తి నివేదికను లాన్సెట్ 1890లో ప్రచురించింది.

తీర్పులోని సత్యం

కమిషన్ చేసిన ఆచరణాత్మక సూచనలు నేడు చదివినా సమంజసంగానే తోస్తాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడను, ఛాతీని, పొట్టను బిగించే బట్టలు ఉండరాదు. గాలి రాకపోకలకు ఎట్టి అడ్డంకీ కలగకుండా గడ్డాన్ని ఎత్తి పట్టాలి. శ్వాస ఆగిన వెంటనే కృత్రిమ శ్వాస కల్పించాలి. మత్తు ఇచ్చేవాడు శస్త్రచికిత్సను చూస్తూ నిలబడరాదు. అతని ధ్యాస అంతా రోగి ఊపిరిమీదనే ఉండాలి.

ఈ సూచనల వెనుక గట్టి శరీరధర్మ సూత్రం ఉన్నది. స్పృహ తప్పినవాని దవడ, నాలుక వెనుకకు జారి గాలిదారిని మూసివేస్తాయి. ఛాతీ కదులుతూనే ఉన్నా గాలి లోపలికి పోకపోవచ్చు. మోతాదు పెరిగినకొద్దీ మెదడు అడుగుభాగంలో ఉండే శ్వాసకేంద్రం మందగించి, చివరకు ఆగిపోతుంది. అప్పటికి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది కనుక నాడిని నమ్ముకొన్నవాడికి ప్రమాదం ఆలస్యంగా తెలుస్తుంది. శ్వాసను కనిపెట్టుకొని ఉన్నవాడు మందు ఆపి, గాలిదారి సరిచేసి, ప్రాణం నిలపగలుగుతాడు. ఇంతవరకు హైదరాబాదు చెప్పినది అక్షరాలా నిజం.

తీర్పులోని లోపం

కమిషన్ అక్కడితో ఆగలేదు. 'మోతాదు మించినప్పుడు శ్వాస ముందు ఆగుతుంది' అన్న పరిమితమైన ఫలితం నుంచి 'క్లోరోఫారం ఏ పరిస్థితిలోనూ గుండెను నేరుగా చంపదు' అన్న అపరిమితమైన సిద్ధాంతానికి గెంతింది. ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న అగాధాన్ని ఆనాడు లారీ గుర్తించలేదు. కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు 1893లో కమిషన్ వాదాన్ని విమర్శిస్తూ, క్లోరోఫారం గుండెపై నేరుగా పనిచేస్తుందని ప్రయోగాలతో చూపారు. 1902లో మెల్‌బోర్న్ నగరంలో ఎంబ్లీ, మత్తు ఆరంభదశలోనే వేగస్ నాడి ప్రభావంతో గుండె ఆగవచ్చునని తెలిపాడు. 1911లో గుడ్‌మన్ లీవీ ప్రకటించిన పరిశోధనలతో అసలు గుట్టు బయటపడింది.

లీవీ పిల్లులపై ప్రయోగాలు చేశాడు. క్లోరోఫారం కొద్దిగా ఇచ్చి మత్తు పలుచగా ఉంచినప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె కింది గదులు లయ తప్పి, ముడుచుకోవడం మాని అదరడం మొదలుపెడతాయి. రక్తం కదలదు, మరణం తక్షణం సంభవిస్తుంది. అడ్రినలిన్ భయం వేళ మన శరీరమే విడుదల చేసే రసాయనం. కత్తికి బెదిరి, ఆవిరికి ఉక్కిరిబిక్కిరై, మెలకువకూ మత్తుకూ నడుమ పెనుగులాడే రోగి శరీరంలో ఈ రెండూ ఒక్కచోట చేరతాయి. ఎక్కువ ఇస్తే ప్రమాదమని జంకి, కొంచెం కొంచెంగా, ఆపి ఆపి మందు ఇచ్చే జాగ్రత్తపరుడే తెలియక రోగిని ఆ అపాయపు అంచున ఎక్కువసేపు నిలబెట్టేవాడు. చిన్న చికిత్సలకు వచ్చిన ఆరోగ్యవంతులు ఎందుకు మరణించారో దీనితో బోధపడింది.

హైదరాబాదు ప్రయోగాలలో ఇది ఎందుకు బయటపడలేదు? వారు ప్రధానంగా వేసుకొన్న ప్రశ్న, మోతాదు మించి చంపినప్పుడు ఏది ముందు ఆగుతుందన్నది. ఆ ప్రశ్నకు వందల జంతువులు ఒకే జవాబు చెప్పాయి. సంఖ్య పెరిగినకొద్దీ నమ్మకం పెరిగింది, ప్రశ్న మాత్రం మారలేదు. పైగా విచారణకు అధ్యక్షత వహించినవాడే వివాదంలో ఒక పక్షానికి నాయకుడు. తాను కోరిన జవాబు దొరికిన తరువాత మరొక కోణంలో వెదకవలసిన అవసరం అతనికి తోచలేదు.

ఈ లోపం పుస్తకాలకే పరిమితమై ఉంటే ఇంతగా చెప్పుకోనక్కరలేదు. గుండె ఆగదని సిద్ధాంతం తీర్మానించిన తరువాత, బల్లమీద రోగి మరణిస్తే దానికి మిగిలిన కారణం ఒక్కటే: మత్తు ఇచ్చినవాని అజాగ్రత్త. ఊపిరిని సరిగా గమనించలేదు కనుకనే రోగి చనిపోయాడన్న నింద వైద్యునిమీద పడుతుంది. శాసనంగా మారిన అర్ధసత్యం నిర్దోషిని దోషిగా నిలబెడుతుంది. అసలు కారణాన్ని వెదికే దారిని మూసివేస్తుంది. పరిపాలనలో విచారణ సంఘాలతో పరిచయమున్నవారికి ఈ అనుభవం కొత్తది కాదు.

ఆ గదిలో నిలిచిన చేతులు

కమిషన్ చరిత్రలో లారీ, బ్రంటన్ పేర్లు వినిపించినంతగా వినిపించని పేరు రూపాబాయి ఫర్దూన్జీ. ఈ పారశీక మహిళ 1885లో లారీ ప్రోత్సాహంతో వైద్య పాఠశాలలో చేరిన తొలి విద్యార్థినులలో ఒకరు. 1889లో, అంటే రెండవ కమిషన్ కూర్చొన్న సంవత్సరంలోనే, 'హకీం' పట్టం పొందారు. క్లోరోఫారం ఇవ్వడంలో నిపుణురాలై హైదరాబాదు ఆసుపత్రులలో ఏళ్ళ తరబడి సేవలందించారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను పలువురు చరిత్రకారులు పేర్కొంటారు. స్త్రీలు వైద్యవిద్యలో అడుగు పెట్టడమే అరుదైన కాలంలో, రోగి ఊపిరిని కాచుకొని కూర్చొనే బాధ్యత ఒక స్త్రీ చేతికి రావడం విశేషం. ఆ పని బ్రంటన్ గీతలకంటె, లారీ ఉపన్యాసాలకంటె సూక్ష్మమైనది. ఛాతీ ఎత్తు, ఉచ్ఛ్వాస శబ్దం, పెదవుల రంగు — ఈ గుర్తులను రెప్పవేయకుండా చదవగలగడం ఒక విద్య.

దాని జంటనగరమైన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ సంగతి పాఠ్యపుస్తకాలకెక్కింది. క్లోరోఫారం కమిషన్ల ఊసు మాత్రం వైద్యచరిత్ర గ్రంథాలలో ఒక మూల మిగిలింది. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ధ్వంసం చేయడంతో ఆ కాలపు భౌతిక ఆనవాలు కూడా చెదిరిపోయింది. గెలిచిన పరిశోధనను లోకం గుర్తుంచుకొంటుంది; సగం గెలిచిన దానిని మరచిపోతుంది. ప్రాణాలిచ్చిన మూగజీవాలకైనా ఆ జ్ఞాపకం బాకీ ఉన్నాము.

వివాదం తీరిన తీరు

ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలానికి కొత్త మత్తుమందులు వచ్చి క్లోరోఫారాన్ని శస్త్రచికిత్స గదినుంచి సాగనంపాయి. నాడియా, ఊపిరియా అన్న ప్రశ్నను ఒక చిన్న పరికరం తీర్చింది. 1974లో జపాను ఇంజనీరు తకువో అయోయాగి, చెవి గుండా కాంతిని పంపి రక్తంలోని ప్రాణవాయువు శాతాన్ని కొలిచే మార్గం కనిపెట్టాడు. ప్రాణవాయువు నిండిన రక్తం, అది తగ్గిన రక్తం కాంతిని వేర్వేరు పాళ్ళలో పీల్చుకొంటాయి. చర్మం, ఎముక, సిరల రక్తం పీల్చుకొనే కాంతి దాదాపు స్థిరం. నాడి కొట్టుకొన్నప్పుడల్లా పెరిగి తగ్గేది ధమని రక్తం పీల్చుకొనే భాగమే. ఆ హెచ్చుతగ్గుల ఆధారంగానే యంత్రం రక్తంలోని ప్రాణవాయువును లెక్కకడుతుంది. నాడి లేనిదే అది ఊపిరి సంగతి చెప్పలేదు. లండను పట్టుకొన్న వేలు, ఎడింబరో చూసిన ఊపిరి ఒకే పరికరంలో కలిశాయి.

ఆ పరికరం విలువ 2021లో ఇంటింటికీ తెలిసివచ్చింది. కోవిడ్ సోకిన రోగులలో కొందరు మామూలుగా మాట్లాడుతూ, నడుస్తూ ఉండగానే వారి రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరంగా పడిపోయింది. ఊపిరి తీరును కంటితో చూసి చెప్పే హైదరాబాదు సూత్రం అటువంటివారి విషయంలో చాలదు. ఆ ఏప్రిల్ 22న విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ద్రవ ప్రాణవాయువు నింపుకొన్న ఏడు ట్యాంకర్లతో దేశపు తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. బిలాస్‌పూరు కేంద్రంగా గల ఆగ్నేయ మధ్య రైల్వే పట్టాలు దాటి మరునాడు నాగపూరు చేరి, అక్కడ మూడు ట్యాంకర్లను దించి, మిగిలినవాటితో నాసిక్ వైపు సాగింది. రైల్వే కొలువులతో బిలాస్‌పూరు చేరిన తెలుగువారికి, అర్పా నది ఒడ్డున సర్కండాలో ఉన్నవారికైనా, రైల్వే కాలనీలో ఉన్నవారికైనా, తెలుగు గడ్డమీద తయారైన ఊపిరి తమ రైల్వేమీదుగా పరుల ప్రాణం నిలపడానికి పోవడం గర్వకారణమే. అక్కడ కూడా పాత సూత్రమే పనిచేసింది: ప్రాణవాయువు తయారైతే చాలదు, అవసరమైన చోటికి సకాలంలో చేరాలి. శరీరంలో గుండె చేసే పనిని ఆ రోజులలో రైలు చేసింది.

హైదరాబాదు కమిషన్లను వైఫల్యమని కొట్టివేయడం న్యాయం కాదు. విజయమని ఊరేగించడం సత్యం కాదు. మత్తులో ఉన్నవాని ఊపిరిని విడవక కాచుకోవాలన్న వాటి బోధ ఎందరినో కాపాడింది. గుండెకు భయంలేదన్న వాటి ధీమా తరువాతి పరిశోధనలో వీగిపోయింది. ఈ రెండింటినీ కలిపి చెప్పే వైద్యచరిత్రను తెలుగులో సమగ్రంగా రచించుకోవలసిన అవసరం ఉన్నది. ఆనాటి నివేదికలు, లాన్సెట్ సంపుటాలు, రూపాబాయి వంటివారి సేవల వివరాలు అనువాదమై మన విద్యార్థులకు అందితే, ఒక నగరం ఊపిరిని గురించి లోకంతో జరిపిన వాదం వారికి పూర్తిగా వినబడుతుంది.